యేసమ్మ సాక్ష్యం

ఆ ఎండాకాలం మా ఇంట్లో పోయింది డబ్బు అని బ్యాంకు వాళ్ళు రాసుకున్నారు. రాసుకోనీ. మాకు పోయినవాడు సామ్యేల్.

సామ్యేల్ నా తమ్ముడు. నాకంటే చాలా చిన్నవాడు, నా చంకలోనే పెరిగాడు. మా అమ్మానాయనలు గోలేటిలో ఉంటే వాడు గోదావరిఖనిలో మా క్వార్టర్లో ఉండేవాడు. పగలు చౌరస్తాలో జిరాక్స్ షాపులో పని, సాయంత్రం బొగ్గు గనుల కంపెనీ ఉద్యోగ పరీక్షకు చదువు. పిల్లలు లేని మా ఇంట్లో ఉన్న సందడంతా వాడిదే. ఫోన్లకు వాడే డాక్టరు. మా ఆయన ఫోను మొరాయించినా, మా అత్తమ్మ యేసమ్మకు పొద్దున్నే బైబిలు వాక్యం వినిపించాలన్నా అందరం "సామ్యేలూ" అని కేక వేసేవాళ్ళం.

మా ఆయన యేసుబాబు ఓసీపీలో డంపర్ నడుపుతాడు. పైనుంచి భూమిని తవ్వి బొగ్గు తీసే గనిని మేం ఓసీపీ అంటాం. మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా ఆ మాట వచ్చు. డంపర్ ఎక్కేటప్పుడు ఫోను దగ్గర ఉంచుకోనివ్వరు. అందుకని డ్యూటీ అయ్యేదాకా ఆయన ఫోను మా ఇంట్లో టీవీ పక్కనే ఉండేది. నేను ప్రైవేటు స్కూలు టీచర్ని. ఎండాకాలం సెలవులు పిల్లలకే, మాకు కాదు. అడ్మిషన్ల కోసం పాంప్లెట్లు పట్టుకుని కాలనీలన్నీ తిరగాలి. ఆ వేళ ఇంటికీ ఫోనుకూ కాపలా మా అత్తమ్మ ఒక్కతే.

జీతం ఖాతా ఉందని బ్యాంకు వాళ్ళు అడక్కుండానే మా ఆయనకు క్రెడిట్ కార్డు పంపారు. "అప్పు ఇంటికి నడిచొచ్చింది, కాళ్ళు కడుగుతవా?" అని ఎద్దేవా చేశాను. ఆయన నవ్వి దాన్ని బీరువాలో పెట్టాడు. ఒక్కసారి కూడా గీకలేదు. కార్డు వచ్చిన రోజే అత్తమ్మను కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాను.

"అత్తమ్మా, ఎవలు ఫోన్ జేసినా ఓటీపీ మాత్రం చెప్పకు. బ్యాంకోళ్ళమన్నా చెప్పకు, పోలీసోళ్ళమన్నా చెప్పకు."

"నా పానం వోయినా చెప్ప బిడ్డ," అంది ఆవిడ.

మే నెలలో బిల్లు వచ్చింది. మొదటి షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన ఫోను చూస్తూ వాకిట్లోనే కూలబడ్డాడు. గీకని కార్డు మీద ఎవరో ఊరు పేరు తెలియని దుకాణంలో కొన్నారు, ఒకేసారి, కార్డు నిండేదాకా. కొన్ని నెలల జీతం అది.

బ్యాంకులో అద్దాల వెనక కూర్చున్నాయన మా ముఖం చూడకుండానే తేల్చేశాడు. "మీ ఫోనుకు ఓటీపీ వచ్చింది. మీ ఇంట్లో ఎవరో చెప్పారు. మేమేం చేయలేం." పోలీసు స్టేషన్లో కానిస్టేబుల్ కొంచెం నయం. కుర్చీ చూపించాడు. "గప్పుడే సైబర్ మోసాల నంబరు 1930కు ఫోన్ జేస్తే పైసలు నడిమిట్ల ఆపేటోళ్ళు అక్కా. గిన్ని దినాలకొస్తిరి. బ్యాంకు మెసేజులు ఏవి?" అన్నాడు. ఫోనంతా వెతికాడు. ఒక్కటీ లేదు. "ఎవలో తుడిచిండ్రు. తుడిచినోనికి ఫోన్ మంచిగ తెల్సు" అన్నాడు. అన్నవాడు మర్చిపోయి ఉంటాడు. ఆ మాట మాత్రం మా వెంట ఇంటికొచ్చింది.

సామ్యేల్ షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. మా ఆయన ముందు వాళ్ళమ్మనే అడిగాడు.

"అమ్మా, నీకు ఎవలన్న ఫోన్ జేసి ఓటీపీ అడిగిండ్రా?"

అత్తమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "అడిగిండు కొడుకా ఒకడు. నేనెందుకు చెప్త? చెప్పనంటె చెప్పనన్న."

"విన్నవా?" అని ఆయన నా వైపు చూశాడు. తర్వాత సామ్యేల్ వైపు తిరిగాడు. "ఈ ఇంట్ల మెసేజులు తుడిచేటోళ్ళు ఎవలున్నరు? నాకు ఫోన్ల తుడుచుడు రాదు. మీ అక్క పగటీలి ఇంట్ల ఉండది."

"బావా, నేను తియ్యలే."

"కార్డు ఏడుంటదో తెల్సు నీకు."

"తెల్సు. కని నేను తియ్యలే."

"మల్ల ఎవలు తీసిండ్రు? గోడలు తీసినయా? ఫోన్ల బెట్టింగులు ఆడినవా? ఎవనికన్న ఇచ్చినవా? చెప్పు. నిన్నేమన. చెప్పు ఒక్కసారి."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో గరిటె ఉంది, అది ఎక్కడ పడేశానో తెలీదు. "మాట మంచిగ రానియ్. వాడు దొంగైతే నేను దొంగనే. ఇద్దర్ని వెళ్ళగొట్టు" అన్నాను. వాడి భుజం పట్టుకుని నా వెనక్కి లాక్కున్నాను, చిన్నప్పుడు నాయన కొట్టబోతే లాక్కున్నట్టు. వాడు నాకంటే జానెడు ఎత్తున్నాడు.

వాడు గొడవ పెట్టుకోలేదు. తన ఫోను తాళం తీసి టీవీ పక్కన పెట్టాడు. "అన్ని ఇందుల్నే ఉన్నయి బావా. చూస్కో" అన్నాడు. నేను అన్నం పెడదామని వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంతో వచ్చేసరికి వాడు లేడు. వాడి చెప్పులు లేవు.

రాత్రికి వస్తాడనుకున్నాను. పొద్దునకు వస్తాడనుకున్నాను. గోలేటికి ఫోను చేస్తే అమ్మ, "ఈడికి రాలేదే, ఏమైందే?" అని అటువైపు ఏడుపు అందుకుంది. రోహిణి కార్తె ఎండ. నేను అడ్మిషన్లు పక్కన పడేసి గొడుగు పట్టుకుని తమ్ముణ్ని వెతికాను. బస్టాండు, రామగుండం రైల్వే స్టేషను, వాడి కోచింగ్ స్నేహితుల గదులు. జిరాక్స్ షాపు సేటు, "చేతుల పైసలు గూడ లేవమ్మా పిలగానికి. జీతం నా దగ్గర్నే ఉన్నది" అన్నాడు. ఫోను లేదు, డబ్బు లేదు, పేరు పోయింది. అలాంటివాడు ఎక్కడికి పోతాడు?

"ఆకలైతె వాడే వస్తడు" అని మొదట్లో అన్న మా ఆయన, తర్వాత డ్యూటీ దిగి నేరుగా ఇంటికి రావడం మానేశాడు. గోదావరి బ్రిడ్జి దగ్గర గంటల తరబడి నీళ్ళకేసి చూస్తూ నిలబడుతున్నాడని పక్క క్వార్టర్ ఆవిడ చెప్పింది. కార్డు వసూలు వాళ్ళ ఫోన్లు పొద్దస్తమానం మోగుతుండేవి. ఆయన వాళ్ళు తిట్టిన తిట్లన్నీ పడేవాడు. ఆ తిట్లు కావాలనే పడుతున్నాడేమో అనిపించేది నాకు.

తప్పిపోయాడని ఫిర్యాదు ఇచ్చాక ఒకరోజు పోలీసులు పిలిచారు. రైలు పట్టాల పక్కన ఎవరో కుర్రవాడి శవం దొరికింది, వచ్చి చూడమన్నారు. దవాఖానలో మా ఆయన లోపలికి వెళ్ళాడు. నేను గోడ పట్టుకుని బయట నిలబడ్డాను. ఆయన వచ్చి "కాదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను గట్టిగా నవ్వాను. లోపల ఉన్నవాడు కూడా ఎవరికో తమ్ముడని ఇంటికి వచ్చాక గానీ గుర్తు రాలేదు. గుర్తొచ్చాక అన్నం సహించలేదు.

సామ్యేల్ ఫొటో, కింద నా నంబరు పెట్టి "కనబడుటలేదు" అని తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాను.

ఆ ఆదివారం చర్చి ఆరాధనలో, దేవుడు తమకు చేసిన మేలును విశ్వాసులు చెప్పుకునే సాక్ష్యాల వేళ, మా అత్తమ్మ లేచి నిలబడింది. ఆవిడ ఎప్పుడూ అందరి ముందు నోరు తెరవదు. కొంగు తల మీదకు లాక్కుని మొదలుపెట్టింది.

"నా కోడలి తమ్ముడు అలిగి వోయిండు. గా పిలగాని కోసం అందరు ప్రార్థన జెయ్యిండ్రి. మా ఇంట్లకు శోధన వచ్చింది. కని దేవుడు నాకైతె తెలివిచ్చిండు. ఆయనకు స్తోత్రం."

"స్తోత్రం," అన్నారు అందరూ.

"గా దొంగ నాకే ఫోన్ జేసిండు. కార్డు బందైతది అవ్వా, బంద్ గాకుంట జేస్త అన్నడు. ఓసీపీ చెప్పు అన్నడు. నా కోడలు ముందుగాలనే చెప్పింది నాకు, ఎవలడిగినా ఓసీపీ చెప్పద్దని. నా కొడుకు ఏ ఓసీపీల జేస్తడో వానికెందుకు? చెప్పలే."

"స్తోత్రం."

"మల్ల అడిగిండు. మల్ల చెప్పలే. ఆఖరికి వాడే యాష్టకొచ్చి ఇసుక్కొని, ఓసీపీ వద్దులే అవ్వా, ఫోన్ల నంబరొచ్చింది సూడు, గది చెప్పు సాలన్నడు. నంబరు చెప్పి పెట్టేసిన. ఓసీపీ మాత్రం చెప్పలే. దేవుడే నా నోరు మూసిండు."

"దేవునికి స్తోత్రం!" అంది చర్చి మొత్తం.

నేను అనలేదు. మగవాళ్ళ వైపు చూశాను. యేసుబాబు ఒడిలో పాటల పుస్తకం తెరిచి ఉంది. తర్వాతి పాట మొదలై అందరూ లేచి నిలబడ్డారు. ఆయన లేవలేదు. బయటికి వస్తుంటే ఆడవాళ్ళు మా అత్తమ్మ చేయి పట్టుకుని, "మంచి సాక్ష్యం చెప్పినవ్ యేసమ్మా" అన్నారు. ఆవిడ సిగ్గుపడింది.

ఇంటికొచ్చాక మా ఆయన ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, కార్డు మీది నంబరు గూడ అడిగిండా వాడు?"

"అడిగిండు. బీరువలకెళ్ళి తీసి చెప్పిన. మంచిగ మాట్లాడిండు కొడుకా, అవ్వా అవ్వా అనుకుంట. ఫోన్ల గా నంబరు మీద ఏలువెట్టి ఒత్తి పట్టుమన్నడు. చెత్తడబ్బ బొమ్మ వస్తది, గది ఒత్తుమన్నడు. ఒత్తిన."

"నంబరెందుకు చెప్పినవమ్మా?"

ఆవిడ వింతగా చూసింది. "నంబరడిగితె చెప్పకుంటె ఎట్ల? క్వార్టర్ కాయిదానికి నంబరే, గోలీలకు నంబరే. మీ నాయిన బొగ్గుబాయిల సచ్చిపోయిన నాడు దవాఖానల ముందుగాల నన్ను నంబరే అడిగిండ్రు. చెప్పినంకనే మొఖం సూపెట్టిండ్రు."

ఆవిడ మా ముఖాలు మార్చి మార్చి చూసింది. తర్వాత నన్ను అడిగింది. "మల్ల... గా నంబరునే ఓటీపీ అంటరా బిడ్డ?"

"అవునత్తమ్మా."

ఆవిడ లేచి వెళ్ళి వాకిలి గడప మీద కూర్చుంది. ఆ రోజు నుంచి ఆవిడ జాగా అదే. పిలిస్తే తినేది, పిలవకపోతే లేదు. ఎవరు బండి ఆపినా తల ఎత్తి చూసేది. మా ఆయన నాతో "తప్పయింది" అని అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఆయన మీద కోపం, ఆవిడ మీద జాలి, రెండూ ఒకే పొయ్యి మీద ఉడికేవి నాలో. ఇన్ని మాటలు తెలిసినదాన్ని, ఇంట్లో ఉన్న ముసలావిడకు ఆ మూడు అక్షరాలు ఎలా వినిపిస్తాయో ఆలోచించలేదు కదా అని తల బాదుకున్నాను.

నా నంబరుకు ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు మంచిర్యాల స్టేషన్లో మీ తమ్ముణ్ని చూశాను, తీసుకురావడానికి చార్జీలు పంపమన్నాడు. పంపాను. తర్వాత వాడి ఫోను మోగలేదు. ఇంకో రోజు మధ్యాహ్నం ఒక గంభీరమైన గొంతు వచ్చింది.

"సైబర్ పోలీస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాం. మీ తమ్ముడు సామ్యేల్ మా కస్టడీలో ఉన్నాడు. ఫోన్ కట్ చేయకండి. ఈ విషయం ఎవరికీ చెప్పకండి. కేసు రాయకూడదంటే ఇప్పుడే డబ్బు పంపాలి."

ఫోను పెట్టేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు, ఇప్పుడే పంపు. ఈ మూడు కలిసి వచ్చాయంటే మోసమేనని మా కానిస్టేబుల్ చెప్పి ఉన్నాడు. తెలుసు నాకు. అయినా అడిగాను, "ఒక్కసారి వానితోని మాట్లాడిపియ్యిండ్రి" అని.

అటువైపు ఏడుపు. "అక్కా, నన్ను రక్షించండి. వీళ్ళు కొడుతున్నారు."

మా తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక నన్ను ఏనాడూ అండీ గిండీ అని మాట్లాడలేదు. "కొడ్తున్రే అక్కా" అంటాడు వాడు. మోసమని తేలిపోయింది. తేలినా చెవి మీద నుంచి ఫోను తీయలేకపోయాను. ఇది నిజమైతే బాగుండును అనిపించింది. కొడితే కొట్టనీ, ఫలానా చోట ఉన్నాడని తెలుస్తుంది కదా. ఎవరికీ చెప్పుకోలేనంత నీచమైన కోరిక అది, అయినా కోరుకున్నాను.

గడప మీద నుంచి అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది. ఏడుపు ఆవిడకూ వినబడింది. చెవుల కమ్మలు తీస్తూ, "అడిగింది ఇచ్చెయ్ బిడ్డ. ఇవి అమ్ము" అంది.

"వాడు కాదు అత్తమ్మా."

"వాడైతే?"

ఫోను పెట్టేశాను. ఆవిడ నన్ను అలా చూసి, మళ్ళీ వెళ్ళి గడప మీద అటు తిరిగి కూర్చుంది. సాయంత్రం దాకా నేను చేసింది సరైనదేనని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మకం కుదరలేదు.

ఆ వారంలోనే మా ఆయన డ్యూటీ దిగి వచ్చి చాయ్ తాగుతుండగా మళ్ళీ ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్కా."

గొంతు బొంగురు పోయి ఉంది. వెనక బస్సుల హారన్లు. వాడు దొరికితే చెప్పాలని ఎన్ని రోజులుగానో ఒకే మాట నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. తెలిసిపోయిందిరా, నువ్వు తీయలేదు, ఇంటికి రా. అదీ మాట. తీరా వాడు పిలిస్తే ఆ మాట రాలేదు.

"ఎవలు మాట్లాడేది?"

"నేనే అక్కా. సామ్యేల్."

"సామ్యేల్‌వైతే మా అమ్మ పేరు చెప్పు."

"ఏందక్కా?"

"ముందు మా అమ్మ పేరు చెప్పు."

ఒక బస్సు గట్టిగా హారన్ కొట్టి పోయింది. తర్వాత వాడు మెల్లగా, "నువ్వు గూడనా అక్కా?" అన్నాడు. ఫోను ఆగిపోయింది.

వాడేనని అప్పుడు తెలిసింది. ఆ మాట అడగడానికి ప్రపంచంలో వాడొక్కడికే కారణం ఉంది.

వెంటనే అదే నంబరుకు చేశాను. ఎవరో పెద్దాయన ఎత్తాడు. "గా పిలగాడా? నా ఫోన్ అడుక్కొని మాట్లాడిండు బిడ్డ. కొత్తగూడెం బస్టాండ్ల చాయ్ బండి నాది. కొన్ని దినాల సంది గీడనే మూటలు మోస్తుండు. గిప్పుడు ఎటు నడిచిండో సూడలే, గిరాకున్నది."

మా ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "అన్నా, నేను వాని బావను. నీకు దండం పెడ్త, మల్ల కనవడితె జర ఆపు. వాడు తియ్యలేదని తెల్సింది అని చెప్పు. తప్పు వాళ్ళ బావదే అని చెప్పు." నాతో అనని మాట, వాళ్ళమ్మతో అనని మాట, ముఖం తెలియని చాయ్ బండి మనిషితో అన్నాడు.

"గంత మాట నేను చెప్తె నమ్ముతడా బాబు? మీరే రాండ్రి," అన్నాడు ఆయన.

అత్తమ్మ అప్పటికే చెప్పులేసుకుని నిలబడింది. "నేను గూడ వస్త" అంది. వద్దని చెప్పే ధైర్యం మాకు లేదు.

తెల్లవారేసరికి కొత్తగూడెంలో దిగాం. చాయ్ బండి దగ్గర బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. ఎండ ఎక్కాక, లారీ మీంచి దించిన ఉల్లిగడ్డ మూటతో సామ్యేల్ వచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు. దగ్గరికి రాలేదు, వెనక్కీ పోలేదు. మా ఆయన లేచి రెండడుగులు వేసి ఆగాడు.

అత్తమ్మ లేచింది. చర్చిలో నిలబడినట్టే కొంగు తల మీదకు లాక్కుని, బస్టాండు మధ్యలో, బస్సులాగి మనుషులు చూస్తుండగా చెప్పింది.

"నంబరు చెప్పింది నేను బిడ్డ. కార్డు తీసింది నేను. తుడిచింది నేను. నీ మీదికి వచ్చినప్పుడు నోరు మూసుకున్నది గూడ నేనే, నాకు తెల్వక. గిది నా నోటితోటి చెప్దామని వచ్చిన."

వాడు మూట దించకుండానే విన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆవిడ దగ్గరికి నడిచి వచ్చి, "నువ్వెందుకొచ్చినవత్తా గింత ఎండల?" అన్నాడు. మా ఆయన ఆ మూట అందుకోబోతే ఇచ్చేశాడు.

నేను చేతులు చాచాను. ఇంటి దగ్గర నుంచి మోసుకొచ్చిన మాట అంతా అప్పుడే చెప్పేయాలని చూశాను. వాడు నాకు అడుగు దూరంలో ఆగి, కౌంటరు ముందు నిలబడ్డ పరాయివాడిలా, నా కళ్ళలోకి చూసి జవాబు చెప్పాడు.

"మా అమ్మ పేరు రాహేలమ్మ."